తిండితో తగవు పెట్టుకున్న స్నేహితురాలికి తోడుగా ఉండటం ఎలా?

ఒడిశాలోని బరంపురంలో మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుండి డిగ్రీ చదువుకున్న రోజుల్లో, వేసవి మధ్యాహ్నాలు ఇంటావిడ మాకు పఖాళ పెట్టేది. మన చద్దన్నమే, పక్కన వేయించిన వడియాలు, ఒక పచ్చిమిరపకాయ. నా స్నేహితురాలు గిన్నె వంచి పైన తేరిన నీళ్లు గ్లాసులో పోసుకుని తాగేది. ఆ నీళ్లను ఒడియాలో తొరాణి అంటారు, మనం తరవాణి అంటాం. అడుగున అన్నం మెతుకు కదలకుండా ఉండేది. దాని మీద పళ్లెం బోర్లించి "అయిపోయింది" అని లేచి వెళ్లేది. ఇది కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. కనిపెట్టాక చేసిన పనులు దాదాపు అన్నీ తప్పులే.

ఆమెది పర్లాకిమిడి, నాది రాయగడ. ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని మన తెలుగువాళ్లలో ఎవరికైనా, పక్కనున్న మనిషి తినే తీరు చూసి అనుమానం మొదలైతే ఏ వరసలో ఏం చేయాలో ఇక్కడ చెబుతాను. బరువుల అంకెలు, క్యాలరీల అంకెలు కావాలనే రాయలేదు. ఈ ఈటింగ్ డిజార్డర్ అనే జబ్బున్న మనిషే ఇది చదువుతూ ఉండొచ్చు. అంకె కనిపిస్తే దానితో పోటీ పడాలనిపిస్తుంది.

ముందు జబ్బు సంగతి

ఈటింగ్ డిజార్డర్ వైద్యులు గుర్తించిన మానసిక జబ్బు. అనొరెక్సియాలో మనిషి తిండి తగ్గించుకుంటూ పోతుంది, ఎంత చిక్కినా లావవుతానన్న భయం వదలదు. బులీమియాలో అదుపు లేకుండా ఒక్కసారిగా తినడం ఉంటుంది. ఆ తరవాత వాంతి చేసుకోవడమో, విరేచనాల మాత్రలు మింగడమో, మర్నాడంతా కడుపు మాడ్చుకోవడమో ఉంటుంది. బింజ్ ఈటింగ్‌లో అదుపు తప్పి తినడం ఉంటుంది కానీ దాన్ని బయటికి పంపే ప్రయత్నం ఉండదు. సిగ్గు మాత్రం బోలెడు. ఈ చివరి రెండూ ఉన్నవాళ్లు చూడటానికి మామూలుగానో బొద్దుగానో ఉండొచ్చు. కాబట్టి "దీనికి జబ్బేమిటి, దుక్కలా ఉంటేను" అనే పెద్దవాళ్ల మాట పట్టించుకోకండి. అబ్బాయిలకూ వస్తుంది. వాళ్లలో అది జిమ్ము, కండలు, "అన్నం మానేశాను" అనే వేషంలో వస్తుంది గనుక ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు కూడా.

మన దగ్గర చాలామంది నోట "లావైపోతానని భయం" అన్న మాట రాదు. "గ్యాస్", "రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది", "అన్నం చూస్తే వికారం" అంటారు. వాటిని సాకులని కొట్టేయకండి. చాలా రోజులు తక్కువ తిన్న మనిషికి కడుపులోది అరగడం నిజంగానే నెమ్మదిస్తుంది.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఒప్పుకుని ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టి పరిశీలించారు. యుద్ధంలో ఆకలికి మాడినవాళ్లను ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. మొదట్లో మనసు స్థిమితంగా ఉన్న ఆ యువకులకు కొన్నాళ్లకు తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. చిరాకు, దిగులు, ఎప్పుడూ చలి. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, పళ్లెంలో ఉన్నదాన్ని చాలాసేపు నాన్చుతూ తిన్నారు. నా స్నేహితురాలు తాను ముట్టకుండా మా అందరికీ దగ్గరుండి బొబ్బట్లు చేసి పెట్టేది. అందులో నటన ఉందనుకునేదాన్ని. ఈ ప్రయోగం గురించి చదివాక ఆ బొబ్బట్లు గుర్తొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను.

మొదటి అడుగు: గమనించండి, నిఘా పెట్టకండి

ఒక్క రోజు చూసి తేల్చకండి. రెండు మూడు వారాలు చూడండి. తిన్న వెంటనే స్నానాల గదికి వెళ్లి కుళాయి తిప్పి ఉంచడం, ఎండాకాలంలోనూ శాలువా కప్పుకోవడం, జుట్టు ఊడటం, నెలసరి ఆగిపోవడం, మెట్లెక్కితే కళ్లు తిరగడం, నలుగురితో కలిసి తినాల్సిన ప్రతి చోటుకూ ఎగనామం పెట్టడం, చపాతీని గోరంత ముక్కలు చేసి పళ్లెం అంచున పేర్చడం. వేలి కణుపుల మీద కాయలు కాసినట్లు గుర్తులు, చెవుల కింద దవడల దగ్గర ఉబ్బు, పళ్లు పులిసిపోవడం కనిపిస్తే వాంతి చేసుకుంటున్నారేమోనని అనుమానించాలి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. నెలసరి ఆగడానికీ చిక్కిపోవడానికీ వేరే కారణాలు పది ఉంటాయి. తేల్చే పని డాక్టరుది. తేదీ వేసి నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవడం వరకే మీ వంతు.

సరిహద్దులో పెరిగినవాళ్ల దగ్గర ప్రత్యేకంగా చూడవలసింది ఉపవాసాల సంగతి. ఒడియావాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. కుమార పున్నమి, అంటే మన ఆశ్వయుజ పౌర్ణమి, మర్నాడే వాళ్లకు కార్తీకం వచ్చేస్తుంది. హబిస అనే కార్తీక వ్రతం పట్టినవాళ్లు ఒంటిపూట చప్పిడి భోజనం చేస్తారు. దీపావళి వెళ్లాక మన కార్తీకం మొదలై పోలిపాడ్యమి దాకా నడుస్తుంది. అది పూర్తికాకముందే ఒడియా మార్గశిరం, లక్ష్మీపూజ చేసే మాణబసా గురువారాలు. వాటి వెనకే మన మార్గశిర లక్ష్మివారాలు. రెండు లెక్కలూ పట్టిన అమ్మాయికి దాదాపు రెండున్నర నెలల పాటు భోజనం తప్పించుకోవడానికి రోజుకో గౌరవమైన కారణం దొరుకుతుంది. మా ఇంటావిడ "ఈ వయసులో ఎంత భక్తి!" అని వీధంతా చెప్పుకుని మురిసిపోయేది.

ఉపవాసం చేసే ప్రతి అమ్మాయినీ అనుమానించమనడం లేదు. ఉపవాసం విడిచే పూట చూడండి. భక్తితో ఉన్న మనిషి పారణ కోసం ఎదురుచూస్తుంది, ముందురోజే ఏం వండాలో చెబుతుంది. నా స్నేహితురాలికి పారణ రోజు పొద్దుటి నుంచే తలనొప్పి వచ్చేది, సాయంత్రానికి ఇంకో వ్రతం గుర్తొచ్చేది.

చెత్తబుట్ట వెతకడం, ఫోను చూడటం, స్నానాల గది తలుపు దగ్గర చెవి ఒగ్గడం చేయకండి. నేను చేశాను. ఒకసారి దొరికిపోయాక నెల రోజులు నాతో కలిసి కూర్చుని తినలేదు.

రెండో అడుగు: మాట ఎలా మొదలుపెట్టాలి

అన్నం ముందు వద్దు. నలుగురిలో అసలే వద్దు. సాయంత్రం నడుస్తూ మాట్లాడటం మంచిది. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి కళ్లలోకి ఒకరు చూడనక్కర్లేదు, మౌనం కూడా ఎబ్బెట్టుగా ఉండదు. మీ ఇద్దరి దగ్గరా ఒక గంట తీరిక ఉండాలి.

నేను మొదటిసారి అన్న మాట: "ఎంత చిక్కిపోయావే, అద్దంలో చూసుకున్నావా?" ఏళ్ల తరవాత ఆమె చెప్పింది, ఆ రాత్రి తనకు పండగలా అనిపించిందట. చిక్కిపోయావన్నా, లావెక్కావన్నా, "ఇప్పుడు బాగున్నావు" అన్నా, ఒంటి గురించి మనం అనే ప్రతి మాటా ఆ జబ్బుకు మేతే. ఒంటిని వదిలి, మీరు చూసిన సంఘటన చెప్పండి, మీకేమనిపించిందో చెప్పండి, ఆపైన అడగండి.

"మంగళవారం మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయావు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, నాకు తెలుస్తోంది. నాకు భయంగా ఉంది. నీకెలా ఉంది?"

ఇంతే. తరవాత నోరు కట్టుకుని కూర్చోవడం కష్టం, కానీ కూర్చోవాలి. "తిండి లేక ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా", "మీ అమ్మను ఏం చేద్దామనుకుంటున్నావు", "కాస్త మనసు గట్టిచేసుకో" అనే మూడు మాటలూ నాలుక చివరి దాకా వస్తాయి. కాలాహండి, కొరాపుట్ కరువు కథలు వింటూ పెరిగిన ఇళ్లలో మొదటిది మరీ తొందరగా వస్తుంది. దానితో సిగ్గు పెరుగుతుంది, తిండి పెరగదు.

"అదేమీ లేదు, నీకన్నీ అనుమానాలే" అంటుంది. కోప్పడొచ్చు, ఏడవొచ్చు. అప్పుడు వాదానికి దిగకండి. "నేను పొరబడితే నాకంటే సంతోషించేవాళ్లు లేరు. కళ్లెందుకు తిరుగుతున్నాయో మాత్రం ఒకసారి చూపిద్దాం. నేనూ వస్తాను" అనండి. జబ్బు పేరు ఒప్పించడం ఆ రోజు పని కాదు. వారం పది రోజులాగి మళ్లీ అదే గొంతుతో అడగండి. మూడోసారికో నాలుగోసారికో తలుపు ఓరగా తెరుచుకోవచ్చు.

ఒక జాగ్రత్త. "ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టు" అంటే పెట్టకండి. "ఊరికే ఎవరికీ చెప్పను. నీ ప్రాణం మీదికొస్తే మాత్రం చెబుతాను, చెప్పేముందు నీతో అంటాను" అని ముందే చెప్పెయ్యండి. ఆ మొదటి సగం మాట గట్టిగా నిలబెట్టుకోండి. మన తెలుగు వీధుల్లో పొద్దున బరంపురంలో అన్న మాట సాయంత్రం పాసింజరుకు ఇచ్ఛాపురం చేరుతుంది.

మూడో అడుగు: భోజనం దగ్గర

ముద్దలు లెక్కపెట్టకండి, పళ్లెం చూడకండి, తిన్నాక మెచ్చుకోకండి. "శభాష్, ఇవాళ రెండు చపాతీలు తిన్నావు" అన్న మాట ఆమెకు నేరం రుజువైనట్లు వినిపిస్తుంది. మీరు మామూలుగా తినండి. మాటలు తిండి మీదికి పోనివ్వకండి: సినిమా, పరీక్ష, ఎదురింటివాళ్ల గొడవ, ఏదైనా సరే. మీ సొంత డైటింగు కబుర్లు ఆ గదిలో బందు. తిన్నాక ఓ అరగంటో గంటో లేచిపోకుండా కలిసి ఏదైనా పని పెట్టుకోండి. తిన్న వెంటనే వచ్చే కంగారు అప్పుడే ఎక్కువ. మేం అప్పట్లో పేకముక్కలు వేసుకునేవాళ్లం. ఇంటావిడకు అది నచ్చేది కాదు.

ఒకవేళ ఆమె వాంతి చేసుకుందని తెలిస్తే, అప్పుడు ఉపన్యాసం వద్దు. నీళ్లతో నోరు పుక్కిలించమనండి. వెంటనే బ్రష్ చేస్తే ఆమ్లంతో మెత్తబడ్డ పంటి పైపొర ఇంకా అరుగుతుంది.

చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. రోజుల తరబడి దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు. ఒంట్లో ఫాస్ఫేటు, పొటాషియం లాంటి లవణాలు హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఒడియావాళ్ల రజ పండక్కి ఇంటికి రాగానే పొడపిఠా అనే పిండివంట, మాంసం, అన్నం దగ్గర కూర్చోబెట్టి కుక్కే అమ్మలకు ఇది తప్పకుండా చెప్పాలి. బాగా క్షీణించిన మనిషికి తిండి ఎలా పెంచాలో డాక్టరే చెప్పాలి, ఒక్కోసారి ఆస్పత్రిలో ఉంచి పెంచాలి. మందుల షాపులో అడిగి తెచ్చే ఆకలి మందులు, బలం మందులు దీనికి వైద్యం కావు.

నాలుగో అడుగు: డాక్టరు దగ్గరికి

మానసిక వైద్యుడంటే బెదిరిపోతే ముందు జనరల్ డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఎలాగూ ఒంటిని చూడాలి: రక్తంలో పొటాషియం, సోడియం, ఫాస్ఫేటు, చక్కెర, హిమోగ్లోబిన్, ఈసీజీ, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ, నాడి. మన జిల్లాల్లో చిక్కిపోయిన మనిషిని చూడగానే క్షయ, మలేరియా పరీక్షలు రాస్తారు. రాయనివ్వండి, అవి తేలడం మంచిదే. కానీ "రిపోర్టులన్నీ బాగున్నాయి, జబ్బేమీ లేదు" అని ఇంటికి పంపేస్తే ఊరుకోకండి. ఈటింగ్ డిజార్డర్‌లో రక్తపరీక్షలు చాలాకాలం మామూలుగానే రావొచ్చు.

తరవాత మానసిక వైద్య విభాగం. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రి, కొరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నాయి. తెలుగులోనే చెప్పుకుంటే తేలిక అనుకునేవాళ్లకు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. బరంపురం నుంచీ రాయగడ నుంచీ నేరుగా రైలు. ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనన్న భయానికి కూడా విశాఖ మందే. ఇంటి నుంచి కదలలేకపోతే టెలిమానస్ 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, భాష ఎంచుకోవచ్చు. తోడుగా ఉన్న మీరూ చేయొచ్చు. మా రోజుల్లో ఇలాంటిదేదీ లేదు.

భాష గురించి ఒక మాట. వాంతిని ఒడియాలో బాంతి అంటారు, అక్కడ ఎవరికీ ఇబ్బంది రాదు. "లోపల ఎవరో తిడుతున్నట్లు ఉంటుంది", "అన్నం ముట్టుకుంటే మైల పడ్డట్లు ఉంటుంది" లాంటి మాటల దగ్గరే చిక్కంతా. బజారులో ధారాళంగా ఒడియా మాట్లాడే మా స్నేహితురాలు డాక్టరు ముందు "ఆకలి లేదు" అన్న రెండు ముక్కలతో సరిపెట్టింది. పక్కన నేనున్నాను, దుబాసీగా. నా ముందు చెప్పలేని సంగతులు ఆమెకు చాలా ఉన్నాయని నాకు అప్పుడు తట్టలేదు. కాబట్టి ముందురోజు రాత్రి ఆమె చేతనే తెలుగులో ఒక పేజీ రాయించండి: ఎప్పటి నుంచి, రోజులో ఏం తింటోంది, వాంతులూ మాత్రలూ ఉన్నాయా, నెలసరి ఎప్పుడు ఆగింది, దేనికి భయం. తెలుగు చదవగల డాక్టరో నర్సో ఉంటే సరేసరి, లేకపోతే ఆమెకు ఇష్టమైన మనిషి చేత ఒడియాలో రాయించుకోండి. లోపల కాసేపు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వమని డాక్టరును మీరే అడగండి.

చికిత్సలో ముఖ్యమైనవి క్రమబద్ధమైన కౌన్సెలింగ్, ఆహారం తిరిగి గాడిలో పెట్టడం. చిన్నవయసు వాళ్లకు తల్లిదండ్రులను కలుపుకుని చేసే కుటుంబ చికిత్స అనొరెక్సియాలో బాగా పనిచేస్తుంది. బులీమియాకు కొన్ని మందులు కూడా ఉపయోగపడతాయి. ఏదైనా నెలల పని.

చట్టంలో మీకు పనికొచ్చే అంశం ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నియమించుకోవచ్చు. అది చుట్టమే కానక్కర్లేదు, స్నేహితురాలు కావొచ్చు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఆ చట్టమే చెబుతుంది.

ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు

వీలైతే ఆమెతోనే చెప్పించండి, మీరు పక్కన కూర్చోండి. వాళ్లమ్మగారికి నేను చెప్పిన తీరు ఇది: "పిన్నిగారూ, తను కావాలని మానేయడం లేదు. తినాలనుకున్నా మింగుడు పడనివ్వని జబ్బు. మీ పెంపకంలో లోపమేమీ కాదు. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను." ఆవిడ మొదటి మాట "సంబంధాలు చూస్తున్నామమ్మా, ఈ సంగతి బయటికి పొక్కితే ఎలా" అని. ఆ భయాన్ని తీసిపారేయకండి. వాళ్ల లెక్కలో అది నిజమైన భయం. పెళ్లిచూపుల ముందు "కాస్త తగ్గితే బాగుండు" అన్న మాట కూడా ఆ ఇంట్లోనే పుట్టిందని నాకు తెలుసు. ఆ రోజు మాత్రం దాన్ని ఎత్తలేదు. ఇప్పటికీ అది సరైన పనే అనుకుంటాను.

దిష్టి తీయిస్తామన్నా, గుణియాకు, అంటే మంత్రగాడికి, చూపిస్తామన్నా పోట్లాట వద్దు. ఆ వారంలోనే ఆస్పత్రికీ వెళ్లేలా చూడండి. గుణియా ఉపవాసం చెబితే, మంత్రించిన నీళ్లు తాగించి కక్కిస్తానంటే మాత్రం అడ్డం పడండి.

ఆగకూడని రోజు

స్పృహ తప్పినా, గుండె దడదడ కొట్టుకుని లయ తప్పినట్లున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, కింద కూర్చుని చేతి ఆసరా లేకుండా లేవలేకపోయినా, మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, రోజంతా నీళ్లు కూడా తాగకపోయినా 108కి ఫోను చేయండి. ఆమె వద్దన్నా సరే. ఒట్లూ గోప్యతలూ ఆ రోజు వర్తించవు.

"నేను లేకపోతే బాగుండు" లాంటి మాట వినిపిస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలూ, ఇంట్లో ఉంటే పురుగుమందూ అందకుండా తీసేయండి, 14416కో 112కో ఫోను చేయండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తరవాత

కోలుకోవడం తిన్నగా సాగదు. పరీక్షలు, పెళ్లిళ్లు, కాన్పు, ఇంట్లో చావు, ఇవి వచ్చినప్పుడు జబ్బు మళ్లీ తల ఎత్తుతుంది. మీరు డాక్టరు కాదు, తల్లి కాదు. వారంలో కొన్ని సాయంత్రాలు మీ సొంతానికి ఉంచుకోండి, మోయలేననిపిస్తే 14416 మీకు కూడా పనికొస్తుంది. జబ్బు గురించి మాట్లాడని రోజులు కూడా మీ స్నేహంలో ఎక్కువగా ఉండాలి. నేను ఒక సంవత్సరం పాటు ఆమెను చూడగానే "ఎలా ఉన్నావు?" అని ఒక రకమైన గొంతుతో అడిగేదాన్నట. ఆ గొంతంటే తనకు ఒళ్లు మండేదని మొన్న చెప్పి నవ్వింది.

ఆమె ఇప్పుడు పర్లాకిమిడిలోనే ఉంటోంది, పాతపట్నంలో ఉద్యోగం. ఏటా కొత్త క్యాలెండర్ గోడకెక్కగానే కుమార పున్నమి దగ్గర పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టుకుంటాను. ఆ మర్నాడు ఫోను చేసి, ముందు వాళ్లబ్బాయి లెక్కల పరీక్ష సంగతి అడుగుతాను.